దేనికీ అంటని టెఫ్లాన్‌కు నిప్పంటిన కథ

దోసెలు పోసుకునే నాన్‌స్టిక్ పెనంలో ముఖ్యంగా ఉండేవి రెండు పదార్థాలు. అడుగున అల్యూమినియం, దానిమీద పలుచని టెఫ్లాన్ పూత. రోజూ పొద్దున కోట్ల ఇళ్లలో ఈ రెండూ కలిసే వేడెక్కుతాయి, కలిసే చల్లారతాయి. ఒకదాని జోలికి ఒకటి పోదు. ఇదే కోవకు చెందిన మరో జత మెగ్నీషియం, టెఫ్లాన్. వెంటపడే క్షిపణిని ఏమార్చడానికి యుద్ధవిమానాలు ఆకాశంలో జారవిడిచే ఫ్లేర్లలో కళ్లు చెదిరేలా మండేది ఈ జతే. ఆ మంట రాజుకోవడానికి గాలిలోని ఆక్సిజన్‌తో కూడా పనిలేదు.

ఏ ఆమ్లానికీ చలించదని, ఏ ద్రావకంలోనూ కరగదని పేరుపడ్డ పదార్థం లోహాన్ని మండించే సరుకు ఎలా అయింది? దీనికి జవాబు ఏ ఒక్కరికో ఒక్క రోజులో దొరకలేదు. ఫ్రిజ్‌లో వాడే గ్యాస్ కోసం వెతికినవాళ్లు, అణుబాంబు పనిలో దిగినవాళ్లు, టెఫ్లాన్‌ను జిగురుతో అతికించబోయినవాళ్లు, చంద్రుడి దారిలో జరిగిన ప్రమాదాన్ని విచారించినవాళ్లు తలా ఒక ముక్క తెచ్చి చేర్చారు.

ప్లాటినం గొట్టం, రాతి మూతలు

టెఫ్లాన్ స్వభావం తెలియాలంటే ముందు ఫ్లోరిన్ సంగతి తెలియాలి. ఈ మూలకాన్ని విడిగా పట్టుకోవాలని పందొమ్మిదో శతాబ్దంలో ప్రయత్నించినవాళ్లు చాలామందే. ఐర్లండ్‌లో నాక్స్ సోదరులు విషవాయువు పీల్చి మంచం పట్టారు. బెల్జియంలో లూయే, ఫ్రాన్స్‌లో నిక్లెస్ ఏకంగా ప్రాణాలే పోగొట్టుకున్నారు. చివరికి 1886 జూన్ 26న పారిస్‌లో ఆన్రీ మొయిసాన్ పని సాధించాడు. హైడ్రోజన్ ఫ్లోరైడ్ ద్రవంలో విద్యుత్తు పారడానికి పొటాషియం లవణం కలిపి, దాన్ని మంచుకన్నా బాగా చల్లగా ఉంచి, ప్లాటినంతో చేసిన గొట్టంలో కరెంటు పంపాడు. బయటికొచ్చిన వాయువు సిలికాన్ స్ఫటికానికి తగలగానే, ఎవరూ నిప్పు చూపించకుండానే, అది భగ్గున మండింది.

ఆ పరికరంలో గొట్టంకన్నా ఆసక్తికరమైనవి దాని మూతలు. గాజునూ బెండునూ తినేసే వాయువుకు మూత దేనితో పెట్టాలి? మొయిసాన్ ఫ్లోర్‌స్పార్ రాతిని చెక్కి బిగించాడు. ఫ్లోర్‌స్పార్ అంటే కాల్షియం ఫ్లోరైడ్. అందులోని కాల్షియం తనకు కావలసినంత ఫ్లోరిన్‌ను ముందే పట్టుకుని ఉంది కాబట్టి కొత్తగా వచ్చే ఫ్లోరిన్‌కు అక్కడ చేయడానికి పనేమీ మిగల్లేదు. మొయిసాన్‌కు 1906లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడే ఒక సూత్రం కనిపిస్తుంది. ఫ్లోరిన్ ఎంత దూకుడుగా మరో పరమాణువును పట్టుకుంటుందో, పట్టుకున్నాక అంత గట్టిగా నిలుస్తుంది. అది ఉన్న పదార్థం కదలకుండా కూర్చుందంటే అందులో శక్తి లేదని కాదు, ప్రస్తుతానికి పట్టు దొరికిందని. అంతకన్నా మంచి పట్టు ఎదురైతే ఏం చేస్తుందన్నది వేరే ప్రశ్న.

సిలిండర్‌లో గ్యాస్ ఏమైంది?

మొదట్లో ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లాంటి విషవాయువులు వాడేవారు. గొట్టం లీకయిందంటే ఇంట్లోవాళ్ల ప్రాణం మీదికి వచ్చేది. 1920ల చివర్లో అమెరికాలో థామస్ మిజ్లీ, ఆల్బర్ట్ హెన్ ఫ్లోరిన్ కలిసిన ఫ్రియాన్ వాయువులను ముందుకు తెచ్చారు. అవి అంటుకోవు, పీల్చినా అంత ప్రమాదం లేదు. ఆ వ్యాపారంలో డ్యూపాంట్ కంపెనీ జనరల్ మోటార్స్‌తో చేయి కలిపింది. న్యూజెర్సీలోని డీప్‌వాటర్‌లో ఉన్న డ్యూపాంట్ జాక్సన్ లేబరేటరీలో కొత్త శీతలవాయువుల మీద పనిచేస్తున్న కుర్రాడు రాయ్ ప్లంకెట్. వయసు 27. ఫ్లోరిన్ మొయిసాన్ చేతికి చిక్కిన జూన్ 26నే, 1910లో పుట్టాడు.

ప్లంకెట్‌కు ముడిసరుకుగా టెట్రాఫ్లోరోఎథిలీన్ అనే వాయువు కావాలి. రెండు కార్బన్ పరమాణువులు, వాటికి నాలుగు ఫ్లోరిన్లు. దాదాపు వంద పౌండ్లు తయారుచేసి, చిన్న చిన్న సిలిండర్లకు ఎక్కించి, పొడి మంచు మధ్య పెట్టి ఉంచాడు. 1938 ఏప్రిల్ 6 ఉదయం సహాయకుడు జాక్ రెబాక్ ఒక సిలిండర్ వాల్వు తిప్పాడు. గ్యాస్ రాలేదు. లీకై పోయిందేమో అనుకుంటే సిలిండర్ బరువు తగ్గలేదు. గ్యాస్ బయటికి పోలేదు, లోపల ఉన్నట్టూ లేదు. వాల్వు ఊడదీసి సిలిండర్‌ను తలకిందులు చేస్తే తెల్లని పొడి కొంచెం రాలింది. రంపంతో కోసి చూస్తే లోపలి గోడలకు ఇంకా పొడి పట్టుకుని ఉంది.

వాయువులోని అణువులు ఒకదానికొకటి పెనవేసుకుని పొడవాటి గొలుసులైపోయాయని ప్లంకెట్‌కు అర్థమైంది. ఈ వాయువు అలా గొలుసు కట్టదన్నది అప్పటి నమ్మకం. పనికిరాని సిలిండర్‌ను పక్కన పడేసి మరోటి తెచ్చుకున్నా అడిగేవాళ్లు లేరు. కానీ అతను ఆ పొడిని ఆమ్లాల్లో వేశాడు, ద్రావకాల్లో వేశాడు, వేడి చేశాడు. అది దేనికీ స్పందించలేదు.

ఆ సిలిండర్లో జరగగలిగింది ఇంకొకటీ ఉంది. ఒత్తిడిలో ఉన్న టెట్రాఫ్లోరోఎథిలీన్ తనంతట తానే కార్బన్‌గా, కార్బన్ టెట్రాఫ్లోరైడ్‌గా విడిపోయి పేలగలదు. అందుకే ఇప్పటి కర్మాగారాల్లో దాన్ని అదుపులో ఉంచే పదార్థాలు కలిపి నిల్వచేస్తారు. డీప్‌వాటర్ సిలిండర్ పేలకుండా పొడైంది. అది అదృష్టమే అయినా, టెఫ్లాన్ లోపలి గుణానికి అదొక తొలి సూచన కూడా. ఇందులోని ఫ్లోరిన్, కార్బన్‌లకు ఇంతకన్నా నిలకడైన అమరికలు వేరే ఉన్నాయన్నమాట.

1939లో దరఖాస్తు పెడితే 1941లో పేటెంటు వచ్చింది. తయారీ ఖర్చు భరించలేనంత. కొనేవాడు దొరకని ఈ సరుకుకు రెండో ప్రపంచయుద్ధం కలిసొచ్చింది. యురేనియం శుద్ధికి వాడే యురేనియం హెక్సాఫ్లోరైడ్ మామూలు గాస్కెట్లను తినేసేది. దానికి తట్టుకున్నది ఇదే. ఖర్చు సంగతి ఎవరూ అడగని మాన్‌హాటన్ ప్రాజెక్టు దాన్ని వాడుకుంది. టెఫ్లాన్ అన్న పేరు 1945లో నమోదైంది.

వేడి దగ్గర బయటపడ్డ రెండో ముఖం

టెఫ్లాన్ 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కరిగినా పారదు. మామూలు ప్లాస్టిక్‌లా అచ్చులో పోయడానికి వీల్లేక, పొడిని గట్టిగా అదిమి, కొలిమిలో కాల్చి వస్తువులు చేయాల్సి వచ్చింది. అలా కాల్చేటప్పుడు ఎంత వేడి దాకా పోవచ్చు, దాటితే ఏమవుతుందన్నది పరిశ్రమకు తప్పనిసరిగా తెలియాల్సిన విషయమైంది.

1947లో లూయిస్, నేలర్ అనే ఇద్దరు రసాయనవేత్తలు దీన్ని గాలి లేకుండా తక్కువ ఒత్తిడిలో వేడిచేసి, వచ్చిన వాయువును పరీక్షించారు. అందులో అత్యధిక భాగం ప్లంకెట్ సిలిండర్‌లో నింపిన టెట్రాఫ్లోరోఎథిలీనే. 1953లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో మడోర్‌స్కీ బృందం శూన్యంలో ఇదే పని మరింత వివరంగా చేసింది. పాలిథీన్‌ను వేడిచేస్తే రకరకాల ముక్కలు వస్తాయి. టెఫ్లాన్ మాత్రం దారం తెగిన దండలోంచి పూసలు జారినట్టు ఒక్కొక్క అణువుగా ఊడివస్తుంది.

కారణం బంధాల్లో ఉంది. కార్బన్-ఫ్లోరిన్ బంధం చాలా గట్టిది, మోల్‌కు 480 కిలోజౌళ్ల పైమాటే. గొలుసుకు వెన్నెముక లాంటి కార్బన్-కార్బన్ బంధం అంతకన్నా బలహీనం. వేడికి ముందు తెగేది అదే. తెగిన కొసకు పక్కనుంచి హైడ్రోజన్‌ను లాక్కుని సర్దుకుందామంటే, టెఫ్లాన్‌లో హైడ్రోజనే లేదు. ఇక గొలుసు కొసనుంచి వరసగా విడిపోవడమే దారి. ఒత్తిడి ఎక్కువుంటే ఈ అణువులే మళ్లీ కలిసి వేరే వాయువులవుతాయి. వాటిలో పెర్‌ఫ్లోరోఐసోబ్యూటిలీన్ అత్యంత విషపూరితం. గాలి తగిలితే కార్బొనైల్ ఫ్లోరైడ్ పుడుతుంది. అది తేమతో కలిస్తే హైడ్రోజన్ ఫ్లోరైడ్.

ప్రయోగశాల ఇలా చెబుతుండగానే పనివాళ్ల ఊపిరితిత్తులూ అదే చెప్పాయి. 1951లో లాన్సెట్ పత్రికలో హారిస్ అనే వైద్యుడు టెఫ్లాన్ పొగ పీల్చినవాళ్లకు వచ్చే జ్వరం గురించి రాశాడు. చలి, ఒళ్లునొప్పులు, ఛాతీలో బిగింపు. చేతికంటిన టెఫ్లాన్ పొడి సిగరెట్‌కు అంటుకుని, దాని నిప్పుకు విచ్ఛిన్నమై, నేరుగా ఛాతీలోకి చేరడం ఇందులో ఒక దారి.

అప్పటికింకా వంటింట్లోకి టెఫ్లాన్ రాలేదు. 1954లో ఫ్రెంచి ఇంజనీరు మార్క్ గ్రెగ్వార్, భార్య కొలెట్ సలహా మీద అల్యూమినియం పెనానికి దీన్ని పూశాడు. దేనికీ అంటనిది లోహానికి మాత్రం ఎలా అంటుతుంది? అల్యూమినియం ఉపరితలాన్ని ఆమ్లంతో గరుకుగా తినిపించి, ఆ గుంటల్లో టెఫ్లాన్ ఇరుక్కునేలా చేశాడు. 1956లో టెఫాల్ కంపెనీ మొదలైంది. దోసెకు కావలసిన వేడి వల్ల పూతకు వచ్చే ముప్పేమీ లేదు. ఖాళీ పెనాన్ని పెద్దమంట మీద మరిచిపోతేనే చిక్కు. కొద్ది నిమిషాల్లో 260 డిగ్రీలు దాటి, పూత పాడవడం మొదలవుతుంది. ఆ వంటింట్లో పంజరంలో చిలుక ఉంటే ముందు ప్రాణం పోయేది దానికే.

జిగురు కోసం వెతికితే దొరికింది

వేడికి గొలుసు విడిపోతుందని తెలిసింది. కానీ ఫ్లోరిన్ ఇంకా కార్బన్‌నే పట్టుకుని ఉంది. దాన్ని విడదీయగలిగిన సంగతి వేరే అవసరంలోంచి వచ్చింది. టెఫ్లాన్ రేకును రబ్బరుకో లోహానికో అతికించాలంటే ఏ జిగురూ నిలవదు. 1950ల్లో దీనికి ఒక ఉపాయం దొరికింది. సోడియం లోహం కరిగిన ద్రావణంలో టెఫ్లాన్‌ను ముంచితే, మామూలు ఉష్ణోగ్రతలోనే, పాలతెలుపు ఉపరితలం చూస్తుండగానే గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ రంగు బయటపడ్డ కార్బన్‌ది. సోడియం ఫ్లోరిన్‌ను లాక్కుని సోడియం ఫ్లోరైడ్ అయిపోయింది. ఆ గోధుమరంగు పొరకు జిగురు చక్కగా పట్టింది.

ఆమ్లాలకు లొంగని టెఫ్లాన్ క్షారలోహం ముందు లొంగింది. ఆమ్లం దగ్గర ఫ్లోరిన్‌కు ఇప్పుడున్నదానికన్నా మంచి పట్టు దొరకదు. లోహం దగ్గర దొరుకుతుంది. ఇక్కడ పోలిక చూడండి. ఒక కిలో అల్యూమినియం ఆక్సిజన్‌తో కలిస్తే దాదాపు 31 మెగాజౌళ్ల వేడి వస్తుంది. అదే కిలో ఫ్లోరిన్‌తో కలిస్తే సుమారు 56. టెఫ్లాన్‌లోంచి తీసుకుంటే కార్బన్ బంధాలు తెంచే ఖర్చు పోను కొంత తగ్గుతుంది. అయినా మిగిలేది చాలా ఎక్కువ. మెగ్నీషియం విషయంలోనూ లెక్క ఇదే తీరులో ఉంటుంది.

దీని అవసరం యుద్ధరంగంలో పడింది. అమెరికా నౌకాదళం చైనా లేక్ కేంద్రంలో విలియం మెక్‌లీన్ నాయకత్వంలో సైడ్‌వైండర్ క్షిపణిని తయారుచేసింది. ఇంజను వేడి వెదజల్లే పరారుణ కిరణాలను పసిగట్టి వెంటపడడం దాని విద్య. 1958 సెప్టెంబర్ 24న తైవాన్ జలసంధి మీద జరిగిన పోరులో అది తొలిసారి విమానాలను కూల్చింది. దాన్ని తప్పించుకోవాలంటే విమానం ఇంజనుకన్నా ఎక్కువ పరారుణ కాంతి విరజిమ్మే మంటను దూరంగా వదలాలి. మెగ్నీషియం, టెఫ్లాన్ ఆ పనికి అమరినట్టు కుదిరాయి. ఫ్లోరిన్ మెగ్నీషియం దగ్గరికి చేరి విపరీతమైన వేడి పుట్టిస్తుంది. ఒంటరిగా మిగిలిన కార్బన్ సన్నని మసిగా మారి, ఆ వేడికి ఎర్రగా కాగి, క్షిపణి కంటికి కావలసిన కిరణాలనే వెలిగిస్తుంది. సోడియం ద్రావణంలో గోధుమరంగు పొరగా కనిపించిన కార్బనే ఇక్కడ ఆకాశంలో వెలుగుతోంది.

చంద్రుడి దారిలో

మంట విషయంలో టెఫ్లాన్‌కు ఉన్న మంచి పేరు నిజమైనదే. మామూలు గాలిలో అది మండదు. దాదాపు 95 శాతం ఆక్సిజన్ ఉంటే తప్ప మంట నిలవదు. అందుకే అపోలో వ్యోమనౌకలో ఆక్సిజన్ ట్యాంకు లోపలి తీగలకు టెఫ్లాన్ తొడుగు వేశారు. అయితే ట్యాంకులో ఉన్నది దట్టంగా అదిమిన స్వచ్ఛమైన ఆక్సిజన్.

1970 మార్చి చివర్లో, ప్రయోగానికి ముందు పరీక్షల్లో అపోలో 13 రెండో ఆక్సిజన్ ట్యాంకు సరిగా ఖాళీ కాలేదు. లోపలి హీటర్లు వేసి ఆక్సిజన్‌ను ఆవిరిచేసి పంపేద్దామనుకున్నారు. హీటర్లు ఎనిమిది గంటలు వెలిగాయి. వేడి మించితే ఆపేందుకు థర్మోస్టాట్ స్విచ్‌లున్నాయి. కానీ అవి 28 వోల్టులకు చేసినవి, నేలమీది సరఫరా 65 వోల్టులు. తెరుచుకోబోయిన క్షణంలోనే వాటి కొసలు కరిగి అతుక్కుపోయాయి. బయట కూర్చున్నవాళ్లకు తెలిసే దారి లేదు, వాళ్ల ముందున్న మీటరు 30 డిగ్రీల లోపే ఆగిపోతుంది. లోపల హీటరు గొట్టం 500 డిగ్రీలు దాటిందని తర్వాత లెక్కతేలింది. లూయిస్, నేలర్ రాసింది చదివినవాళ్లకు ఆ వేడిలో టెఫ్లాన్ తొడుగు ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఏప్రిల్ 13న, భూమికి సుమారు 3.2 లక్షల కిలోమీటర్ల దూరంలో, వ్యోమగామి జాక్ స్విగర్ట్ ట్యాంకులోని ఫ్యాన్ స్విచ్ వేశాడు. పాడైన తొడుగు కింద తీగలు తగిలి నిప్పురవ్వ లేచింది. టెఫ్లాన్ అంటుకుంది, ట్యాంకు పగిలింది. ముగ్గురు వ్యోమగాములూ చంద్రుడిమీద దిగకుండానే ప్రాణాలతో తిరిగి వచ్చారు. ఎడ్గర్ కార్ట్‌రైట్ అధ్యక్షతన విచారణ సంఘం అలాంటి ఆక్సిజన్‌లో టెఫ్లాన్ తొడుగును అంటించి చూసి, అది మండుతుందని రుజువుచేసింది. టెఫ్లాన్‌తో పాటు ట్యాంకులోని అల్యూమినియం భాగాలు కూడా అటువంటి ఆక్సిజన్‌లో మండగలవేనని గుర్తించింది.

ఫ్లేరులో టెఫ్లాన్ లోహాన్ని మండించింది. ట్యాంకులో ఆక్సిజన్ టెఫ్లాన్‌నే మండించింది. పదార్థం మారలేదు, ఎదుటనున్నది మారింది.

పెనం ఎందుకు మండదు?

అల్యూమినియం సంగతి మిగిలింది. ఈ లోహం మీద ఎప్పుడూ సన్నని ఆక్సైడ్ పొర ఉంటుంది. లోపలి లోహాన్ని కాపాడేది అదే. టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో మిషెల్ పాంటోయా బృందం 2000ల్లో అతిసన్నని అల్యూమినియం రేణువులు, టెఫ్లాన్ వేడికి ఎలా ప్రవర్తిస్తాయో కొలిచింది. అసలు మంటకు ముందే ఒక చిన్న వేడి పొంగు కనిపించింది. టెఫ్లాన్ నుంచి విడివడే ఫ్లోరిన్ ముక్కలు ముందు ఆ ఆక్సైడ్ కవచం మీదే పని మొదలుపెడుతున్నాయన్నమాట. పైగా అల్యూమినియం ఫ్లోరైడ్ 1,300 డిగ్రీలకు కాస్త ఇవతలే ఆవిరైపోతుంది. ఆక్సైడ్ కరగడానికే 2,000 డిగ్రీలు దాటాలి. ఆక్సైడ్ పొర లోహాన్ని కప్పి మంటకు అడ్డుపడితే, ఫ్లోరైడ్ దారి వదిలి పోతుంది.

పెనంలో ఇదేదీ జరగకపోవడానికి కారణాలు మూడు. రేణువులకు బదులు అక్కడున్నది ఒకే దళసరి లోహపు పలక, ఒకచోట పుట్టిన వేడిని వెంటనే అంతటా పంచేస్తుంది. రెండూ తాకే చోటు పలుచని పూత మేరకే. పొయ్యి వేడి ఆ రసాయనం పుంజుకునే స్థాయికి చేరదు. పెనం మాడితే మనం భయపడాల్సింది మంటకు కాదు, పొగకు.

తెంచే విద్య

టెఫ్లాన్ తయారీ తెలుగు నేలకు కొత్తేమీ కాదు. అప్పటి మెదక్ జిల్లా రుద్రారంలో ప్రభుత్వరంగ సంస్థ హిందూస్థాన్ ఫ్లోరోకార్బన్స్ 1980ల నుంచి దీన్ని తయారుచేసింది. 1983లో ఏర్పడిన ఆ కంపెనీని మూసేయడానికి 2020లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అక్కడైనా మరెక్కడైనా పద్ధతి ఒకటే. క్లోరోడైఫ్లోరోమీథేన్ వాయువును బాగా వేడిచేసి టెట్రాఫ్లోరోఎథిలీన్ చేస్తారు, దాన్ని గొలుసు కట్టిస్తారు.

గొలుసు కట్టించడం చేతనైంది. వాడేశాక ఏం చేయాలన్నదే ఇప్పటి సమస్య. చాలాకాలం దీని తయారీలో వాడిన పీఎఫ్‌ఓఏ అనే రసాయనం నీళ్లలోకి, మనుషుల రక్తంలోకి చేరి ఎన్నో కోర్టు కేసులకు దారితీసింది. దాన్ని 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చింది. టెఫ్లాన్ గొలుసు దానంతట అది ఏ మట్టిలోనూ కుళ్లదు. చెత్తలో పడేసి కాలిస్తే ఏమొస్తుందో పైన చూశాం.

అందుకే పాత పరిశోధనలన్నీ ఇప్పుడు కొత్త పనికి వస్తున్నాయి. 2015లో జర్మనీలోని బుర్గ్‌కిర్కెన్‌లో మొదలైన ఒక ప్లాంటు వాడేసిన ఫ్లోరోపాలిమర్లను గాలి తగలకుండా వేడిచేసి, తిరిగి టెట్రాఫ్లోరోఎథిలీన్‌ను రాబట్టింది. లూయిస్, నేలర్ చూసిన విచ్ఛిన్నాన్నే తయారీ పద్ధతిగా మార్చుకున్నారు. ఇంగ్లండ్‌లో న్యూకాసిల్, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయాల రసాయనవేత్తలు 2025లో లోహం దారి పట్టారు. టెఫ్లాన్‌ను సోడియంతో కలిపి మూసిన మరలో కుదిపితే, కొలిమి అవసరం లేకుండానే కార్బన్, సోడియం ఫ్లోరైడ్ మిగిలాయి. ఆ ఫ్లోరైడ్‌తో నేరుగా వేరే ఫ్లోరిన్ సమ్మేళనాలు చేయవచ్చని కూడా చూపించారు. కొద్దిపాటిగా టూత్‌పేస్టులో ఉండి పళ్లను కాపాడేది, మోతాదు మించి తాగునీళ్లలో చేరి నల్లగొండ పల్లెల్లో ఎముకలను వంచేసింది ఈ ఫ్లోరైడే. కనక ఆ ఉప్పు ఎక్కడికి చేరుతుందన్నదీ చూసుకోవాల్సిందే.

ఖర్చు లెక్క మాత్రం తప్పదు. టెఫ్లాన్‌లోంచి ఫ్లోరిన్‌ను అంత తేలికగా లాగే సోడియం ఊరికే దొరకదు. మామూలు ఉప్పును వేడికి కరిగించి, అందులో కరెంటు పారించి ఆ లోహాన్ని విడదీయాలి. అల్యూమినియం, మెగ్నీషియం కూడా గనిలోంచి లోహాలుగా రావు, శక్తి ఖర్చుపెట్టి విడదీయాల్సిందే. ఫ్లేరు మంటలో క్షణంలో ఖర్చయ్యే శక్తి ఏదో ఒక కర్మాగారంలో ముందే కట్టిన సొమ్ము. వాడేసిన టెఫ్లాన్‌ను శుభ్రంగా విడదీయడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు రసాయనశాస్త్రం అవునని చెప్పేసింది. ఎంత కరెంటుకు సాధ్యమన్న ప్రశ్నకు జవాబు ఇప్పుడు ఇంజనీర్లు చెప్పాలి.